వాళ్లకి జబ్బు, మనకి పిచ్చి: తెలుగు తెర మీద మానసిక రోగి

సినిమా వాళ్లకి మా బొబ్బిలి అంటే మహా ఇష్టం. 'బొబ్బిలి యుద్ధం' (1964), 'బొబ్బిలి పులి' (1982), 'బొబ్బిలి బ్రహ్మన్న' (1984), 'బొబ్బిలి రాజా' (1990), 'బొబ్బిలి సింహం' (1994). వీటిలో మొదటిదాన్ని పక్కనపెడితే తక్కినవాటికి ఈ ఊరి చరిత్రతో పెద్దగా పని లేదు. 1757 నాటి యుద్ధంతో బొబ్బిలి అనే మాటకి రోషం అనే అర్థం స్థిరపడింది. కథానాయకుడికి పట్టరాని కోపం వస్తుందని చెప్పడానికి ఆ పేరు తగిలిస్తే సరిపోతుంది. కళ్లెర్రజేసినా, గర్జించినా, పదిమందిని నరికినా దాని పేరు పౌరుషమే. అదే కోపం ఈ ఊరి పేటలో ఒక కూలివాడికి వస్తే 'ఆడికేటైనా ఎర్రా?' అని అడుగుతారు.

ఈ తేడా దగ్గర్నుంచే మా వ్యాసం మొదలవుతుంది. ఒకే కోపం, ఒకే ఏడుపు, ఒకే మౌనం ఒకరి ఒంట్లో ఉంటే పౌరుషమో, విరహమో, కనీసం పేరున్న జబ్బో అవుతుంది. ఇంకొకరి ఒంట్లో ఉంటే ఉత్త పిచ్చి అవుతుంది. ఈ తేడాని సినిమా కనిపెట్టలేదు. కానీ దాన్ని ఊరూరా, ఇంటింటా బోధించిన బడి మాత్రం సినిమాయే అన్నది మా వాదన.

ఇది ఉత్త సిద్ధాంతచర్చ కాదు. మేము ఎరిగిన ఒక పేటలో, ఇంటర్ దాకా చదివిన కుర్రాడొకడు కొన్నాళ్ల పాటు నిద్ర మానేశాడు. తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. వీధిలో పిల్లలు 'అపరిచితుడొచ్చాడ్రో' అని కేకలేసేవారు. గాలి సోకిందని కొందరు, ఎవరో చిల్లంగి పెట్టారని కొందరు అన్నారు. విశాఖపట్నం తీసుకెళ్లి డాక్టరుకి చూపించమని మేము చెబితే వాళ్లమ్మ ఒప్పుకోలేదు. 'ఆస్పత్రికి తీసుకెల్తే కరెంటు పెడతారు గదా బాబూ. సినిమాల్లో సూసినాం. ఉన్న మతి కూడా పోతాది' అంది. గాలి, చిల్లంగి అన్న మాటలకి జవాబు చెప్పడానికి మేము సిద్ధపడే వెళ్లాం. సినిమాకి ఏం జవాబు చెప్పాలో మాకు తోచలేదు. ఆమె భయం మూఢనమ్మకం కాదు. తెర మీద కళ్లారా చూసింది. ఆ సినిమాల్ని మేమూ చూశాం, నవ్వాం, చప్పట్లు కొట్టాం. అందుకే వాటిని మళ్లీ చూడవలసి వచ్చింది.

ముందుగా ఒకే నటుడి రెండు పాత్రలు తీసుకుందాం. తమిళ 'పితామగన్' (2003) తెలుగులోకి 'శివపుత్రుడు'గా వచ్చింది. దర్శకుడు బాలా. శ్మశానంలో పుట్టి పెరిగిన మనిషిగా విక్రమ్ నటించాడు. ఆ పాత్రకే ఆయనకి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. రెండేళ్ల తర్వాత, 2005 లో, శంకర్ తీసిన 'అన్నియన్' మనకి 'అపరిచితుడు'గా వచ్చింది. ఇందులో అదే విక్రమ్ రామానుజం అనే లాయరు. ఆచారవంతుడైన అయ్యంగార్.

శ్మశానంలో పెరిగినవాడికి మాట రాదు. గుర్రుమంటాడు, మీదపడతాడు, కరుస్తాడు. ఇతనికి ఏమైంది అని సినిమాలో ఒక్కరూ అడగరు. డాక్టరు ఊసే లేదు. శవాలు కాల్చే పని ఈ దేశంలో ఏ కులాల నెత్తిన రుద్దారో అందరికీ తెలుసు. సినిమా మాత్రం ఆ సంగతి ఎత్తదు. కులం ఎత్తకుండా కాటిని చూపిస్తే మిగిలేది ఏమిటి? మనిషి ఆకారంలో ఉన్న జంతువు. అతన్ని అలా చేసిన వ్యవస్థ తెర బయటే ఉండిపోయింది. చివర్లో స్నేహితుణ్ణి చంపినవాడిని చంపితే మనం కన్నీళ్లు పెట్టుకుంటాం. ఆ కన్నీళ్లు కూడా విశ్వాసం గల జంతువు కోసం పెట్టుకునేవే.

రామానుజం సంగతి చూడండి. ఆయన జబ్బుకి పేరుంది: మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్. కారణం ఉంది: ఎవరి నిర్లక్ష్యం వల్లనో చిన్నప్పుడు చెల్లెలు కరెంటు తగిలి కళ్ల ముందే చనిపోయింది. ఓపిగ్గా వినే సైకియాట్రిస్టు ఉన్నాడు. అర్థం చేసుకునే న్యాయస్థానం ఉంది. అంధకూపం, కుంభీపాకం, కృమిభోజనం అంటూ గరుడ పురాణం శిక్షల పేర్లు పెట్టి మనుషుల్ని చంపినవాడికి ఉరి పడదు, వైద్యం దొరుకుతుంది. రెండేళ్లకి బయటికొచ్చి, తాగి ఉన్న ఒక మనిషిని రైల్లోంచి తోసేస్తాడు. హాలంతా ఈలలు! అంటే జబ్బు తగ్గలేదు, ఆయనలో కలిసిపోయి నీతిగా మారింది. పురాణం చెప్పిన శిక్షని బ్రాహ్మణుడు అమలుచేస్తే దేశం బాగుపడుతుందన్న పాత మాటని ఒక రోగం పేరు చాటున మళ్లీ చెప్పారు. రోగానికి ఇంత గౌరవం ఇచ్చిన సినిమా ఇంకోటి లేదు. ఆ గౌరవం రోగికి కాదు, రోగి కులానికి దక్కింది.

ఒకే నటుడు, ఒకే ప్రతిభ. ఒకచోట కేకకి వెనక కథ ఉంది. రెండోచోట కేక మాత్రమే ఉంది.

ఇవి అరవ సినిమాలు కదా, మనవి కావు కదా అనొచ్చు. మన సినిమాలే చూద్దాం. కె. విశ్వనాథ్ 'ఆపద్బాంధవుడు' (1992) లో చిరంజీవి పశువుల కాపరి. కవిగారి కూతురు మతి చలించి మానసిక ఆసుపత్రి పాలైతే, ఆమెని కాపాడడానికి తాను పిచ్చివాడిగా నటించి లోపలికి వెళతాడు. శ్రమ చేసేవాడికి పిచ్చి సొంతంగా రాదు. పెద్దింటి అమ్మాయి కోసం తెచ్చిపెట్టుకోవాలి. అతని ఒంటి చాకిరీతో పాటు మతిని కూడా ఆ ఇంటి సేవకే వాడుకున్నారు.

2017 లో ఒక నెల తేడాతో రెండు సినిమాలొచ్చాయి. ఒకటి 'అర్జున్ రెడ్డి'. ఆపరేషన్లు చేసే డాక్టరు, కులం పేరుతో సహా సినిమా పేరే అతను. ప్రేయసి దూరమైతే తాగుతాడు, మత్తు మందులు వాడతాడు, ఎదురొచ్చినవాళ్ల మీద చెయ్యి చేసుకుంటాడు, తాగే ఆపరేషన్ చేస్తాడు. లైసెన్సు పోతుంది. కానీ అతన్ని 'పిచ్చోడు' అని ఎవరూ వదిలెయ్యరు. వెంటే ఉండే స్నేహితుడున్నాడు, చివరికి ప్రేయసీ కుటుంబమూ తిరిగొస్తారు. యువకులు అతనిలా గడ్డాలు పెంచారు.

రెండోది 'మహానుభావుడు'. కథానాయకుడికి ఓసీడీ, అంటే అతిశుభ్రత. ఎవరైనా తాకితే కడుక్కుంటాడు, తుడుచుకుంటాడు. ఓసీడీ ఉన్న మనిషి పడే నరకం వేరు. చేతుల చర్మం ఊడిపోయేలా కడుగుతూ, కడగడం ఆపలేక ఏడ్చేవాళ్లుంటారు. సినిమాలో అదొక ముద్దొచ్చే అలవాటు. ప్రేమ కోసం బురదలో కుస్తీకి దిగేసరికి సర్దుకుంటుంది. కానీ ఆ నవ్వుల మధ్య మాకు గొంతులో ఏదో అడ్డుపడింది. మనం తాగిన గ్లాసు విడిగా పెట్టించినవాళ్లని, మనం కూర్చున్న అరుగు కడిగించినవాళ్లని తరతరాలుగా ఎరుగుదుం. వాళ్లని ఎవరూ రోగులనలేదు, ఆచారవంతులన్నారు. తాకితే భరించలేకపోవడం ఒక ఒంటరి మనిషికుంటే హాస్యం, ఊరంతటికీ ఉంటే సంప్రదాయం!

అన్నీ ఇలాగే ఉన్నాయని మేము అనడం లేదు. 1960 లోనే గుత్తా రామినీడు 'చివరకు మిగిలేది' తీశారు. బెంగాలీ 'దీప్ జ్వేలే జాయ్' (1959) దానికి మూలం. మానసిక ఆసుపత్రిలో నర్సుగా సావిత్రి. వైద్యంలో భాగంగా రోగిని ప్రేమిస్తున్నట్టు నటించమని ఆమెకి పని అప్పజెబుతారు. నటిస్తూ నటిస్తూ ఆమె మనసే విరిగిపోతుంది, చివరికి తానే రోగి అవుతుంది. సేవ కూడా ఒక శ్రమ అనీ, ఆ శ్రమ చేసేవాళ్ల మనసు కూడా అరిగిపోతుందనీ చెప్పిన సినిమా అది. అయితే ఆ ఆసుపత్రుల్లో గదులు ఊడ్చి, రోగుల మలమూత్రాలు ఎత్తే రెల్లి, మాల, మాదిగ ఆడవాళ్ల దాకా ఆ కెమెరా కూడా రాలేదు.

ఇప్పుడు తెర మీంచి రోడ్డు మీదికి వద్దాం. డాక్టర్ సుధాకర్ దళితుడు. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, తమకి మాస్కులూ రక్షణ సామగ్రీ చాలడం లేదని బహిరంగంగా మాట్లాడారు. సస్పెండ్ చేశారు. మే 16 న విశాఖపట్నం నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి పోలీసులు ఆయన్ని పట్టుకున్న దృశ్యం రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. తాగి గొడవ చేస్తున్నాడని పోలీసులు చెప్పారు. తర్వాత మానసిక వైద్యశాలలో చేర్చారు. మే 22 న హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మే 21 న ఆయన గుండెపోటుతో చనిపోయారు.

ఆయన ఆరోగ్యం ఆ రోజు ఎలా ఉందో తేల్చడం మా పని కాదు. జబ్బు ఉంటే ఆయనకి కావలసింది వైద్యం. లేకపోతే కావలసింది న్యాయం. ఈ రెంటిలో దేనికీ తాడు జవాబు కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 లో వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. మానసిక రోగం ఉందనుకున్న మనిషి రోడ్డు మీద కనబడితే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ఆసుపత్రికి చేర్చాలనీ, లాకప్పులో పెట్టకూడదనీ ఆ చట్టం చెబుతుంది. రక్షణ అన్న మాటకి ఆ వీడియోలో కనబడిన అర్థం తాడు.

మా ప్రశ్న ఆ వీడియో చూసినవాళ్ల గురించి. చాలామందికి కోపం వచ్చింది, నిజమే. కానీ 'పిచ్చెక్కిందంట' అని ఫోను పక్కనపెట్టినవాళ్లు కూడా తక్కువేమీ కాదు. మూడేళ్ల ముందు తెర మీద తాగి తూలిన డాక్టరు పడిన బాధేమిటా అని రెండున్నర గంటలకి పైగా కూర్చుని చూసిన కళ్లే అవి. ఈ డాక్టరుకి ఆ రోజు ముందు ఏం జరిగింది అని అడగడానికి ఒక్క నిమిషం దొరకలేదు. అక్కడ మనకి ఒక మనిషి కనిపించాడు. ఇక్కడ ఒక ఒళ్లు మాత్రమే కనిపించింది. అలా చూడడం మనకి శివపుత్రుడి కాలం నుంచీ అలవాటే.

దర్శకులు ఇదంతా కావాలని చేశారా అని కొందరు మిత్రులు అడుగుతారు. కావాలని చెయ్యలేదనే మేము అనుకుంటున్నాం. అనుకోకుండా చేసినా ప్రతిసారీ ఒకే వైపుకి ఒరగడమే అసలు సంగతి.

ఇక మన వైపు కూడా చూసుకోవాలి. దళితోద్యమం రాతల్లో, ఉపన్యాసాల్లో 'కులపిచ్చి', 'కులోన్మాదం' అన్న మాటలు ఎన్నిసార్లు వాడామో లెక్కలేదు. ఈ మాటలు రెండు రకాలుగా మనకే నష్టం. 2012 జూన్ 12 న మాకు దగ్గర్లోని వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస ప్రాజెక్టు భూముల తగాదా అది. అది ఉన్మాదం కాదు. భూమి ఎవరి చేతిలో ఉండాలో బాగా తెలిసినవాళ్లు తెలివిలో ఉండి చేసిన పని. దాన్ని పిచ్చి అంటే రామానుజానికి కోర్టు ఇచ్చిన మినహాయింపే హంతకులకి మనం ఇచ్చినట్టు. కులం మనసులో ఉండే ఒక స్థితి అని అంబేడ్కర్ 1936 లో 'కుల నిర్మూలన'లో రాశారు. మనసులో ఉన్నదంతా రోగం అని ఆయన అర్థం కాదు. ఇక రెండో నష్టం: జబ్బుతో కునారిల్లుతున్న మన పేట మనిషిని, మనల్ని నరికినవాడిని ఒకే మాటతో పిలుస్తున్నాం. ఎన్నికల సభల్లో 'సైకో' అన్నది నినాదమైపోయిన రోజుల్లో మనమైనా ఆ మాటలు మానుకోవాలి. లక్ష్మీపేటలో ఆ ఉదయాన్ని కళ్లతో చూసిన పిల్లలకి నిద్ర ఎలా పట్టి ఉంటుంది? చెల్లెలి చావు చూసిన రామానుజానికి ఒక సినిమా మొత్తం దక్కింది. ఈ పిల్లలకి ఒక్క దృశ్యం దక్కలేదు.

ఉపాధ్యాయులకీ విద్యార్థులకీ కార్యకర్తలకీ మేము చెప్పేది ఒక్కటే. సినిమాలో మతి చలించిన మనిషి కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఈ మనిషి జబ్బుకి పేరు పెట్టారా? కారణం చెప్పారా? దగ్గర కూర్చుని మాట్లాడే మనిషిని ఇచ్చారా? ఆ తర్వాత అతని ఇల్లు ఎక్కడో చూడండి. తరగతిలో, సంఘం సమావేశంలో ఈ నాలుగు జవాబులూ బోర్డు మీద రాస్తే చాలు, మిగతా విమర్శ పిల్లలే చేస్తారు. దాంతోపాటు చట్టం కూడా చెప్పండి. మత్తుమందు ఇవ్వకుండా కరెంటు పెట్టడాన్నీ, గొలుసులతో కట్టడాన్నీ 2017 చట్టం నిషేధించింది. సినిమా పెట్టిన భయం పోవాలంటే ఈ సంగతి పేటల దాకా వెళ్లాలి.

మొదట చెప్పిన కుర్రాడిని చాలా నెలల తర్వాత విశాఖపట్నం తీసుకెళ్లారు. కరెంటు పెట్టలేదు. కూర్చోబెట్టి మాట్లాడారు, బిళ్లలిచ్చారు. ఇప్పుడు నిద్రపోతున్నాడు, అప్పుడప్పుడు పనికీ వెళుతున్నాడు. బొబ్బిలి నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. మందుల కోసం వెళ్లిన ప్రతిసారీ తల్లికీ కొడుక్కీ ఒక రోజు కూలి పోతుంది. పిల్లలు వాడిని ఇంకా అపరిచితుడనే పిలుస్తున్నారు.