విజిల్ ఎవరి చేతిలో

కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడే రోజుల్లో మా కోచ్ గారిది ఒకటే పాట: బంతి చేతికందగానే ఉరకండిరా! ఓ ఏడాది కరస్పాండెంట్ గారు ఎక్కడినుంచో ఆరడుగుల నాలుగంగుళాల కుర్రాణ్ణి పట్టుకొచ్చి, "వీణ్ణి రింగ్ కింద నిలబెట్టు, చాలు" అన్నారు. పాపం, మంచి కుర్రాడే. పరుగే రాదు. మేం అవతలి రింగ్ చేరేసరికి అతను ఇంకా సగం కోర్టులోనే ఉండేవాడు. అతని కోసం ఆగడంతోనే మా సీజన్ అయిపోయింది.

2008 ఫిబ్రవరిలో ఫీనిక్స్ సన్స్ జట్టు షకీల్ ఓనీల్‌ని తెచ్చుకున్నప్పుడు నాకు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. ఓనీల్ మహామహుడే, కాదనను. కానీ అప్పటికే ముప్ఫై ఐదు దాటాయి. మైక్ డాంటోనీ కోచింగ్‌లో సన్స్‌ది మెరుపాట. 24 సెకన్ల గడువుంటే ఏడు సెకన్లలోపే షాట్ కొట్టేయాలి. అలా ఆడే 2004–05లో 82 మ్యాచ్‌లకు 62 గెలిచారు. ప్లేఆఫ్స్‌లో మాత్రం శాన్ ఆంటోనియో స్పర్స్ గండం దాటలేకపోయారు. జనరల్ మేనేజర్‌గా వచ్చిన స్టీవ్ కెర్, ఆటగాడిగా అదే స్పర్స్‌తో టైటిళ్లు గెలిచినవాడు. కోర్టంతా పరుగెత్తే షాన్ మారియన్‌ని వదులుకుని ఓనీల్‌ని తెచ్చాడు. డాంటోనీ కూడా సరేనన్నాడు. ఓడి ఓడి ఉన్నవాడు దేనికైనా తలూపుతాడు.

ఆ ఏడాదీ స్పర్స్ చేతిలోనే, అదీ మొదటి రౌండ్‌లోనే ఓటమి. డాంటోనీ న్యూయార్క్ వెళ్లిపోయాడు. ఆట తీరు మీద గొడవంటే బోర్డు మీద గీసే గీతల గురించి అనుకుంటాం గానీ, సంతలో ఏ ఎద్దును కొన్నారన్న దగ్గరే సగం తేలిపోతుంది. తర్వాత వచ్చిన టెర్రీ పోర్టర్ నెమ్మదిగా ఆడించబోయి 51 మ్యాచ్‌లకే ఇంటికెళ్లాడు. ఆల్విన్ జెంట్రీ వచ్చి పగ్గాలు వదిలేస్తే, వరసగా మూడు మ్యాచ్‌ల్లో 140కి తగ్గకుండా పాయింట్లు! 2010లో ఓనీల్ లేకుండానే స్పర్స్‌ని 4–0తో ఊడ్చేశారు.

కెర్ 2014లో గోల్డెన్ స్టేట్ జట్టుకి కోచ్ అయ్యాడు. పక్కన కూర్చోబెట్టుకున్నది ఎవర్ననుకున్నారు? ఆ జెంట్రీనే. ఉరకడం, దూరం నుంచి త్రీలు వేయడం, అచ్చం ఫీనిక్స్ వాసనే. మొదటి ఏడాదే టైటిల్.

మా కరస్పాండెంట్ గారి మెడలో మాత్రం ఎవరూ విజిల్ వేయలేదు.