మన లెక్క మనమే చూసుకుందాం

"ఫోన్లో ఏ యాప్‌లు ఉంచుకుంటే మంచిది?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. విజయవాడ పటమటలో మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు అడుగుతారు. పామర్రు పక్క పల్లెలో వ్యవసాయం చేసే మా బాబాయి అడుగుతాడు. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చి ఇక్కడ బట్టల కొట్లో పనిచేసే అమ్మాయి అడుగుతుంది. పేర్లు చెప్పే ముందు వాళ్లను నేనొకటి అడుగుతాను: "దాన్ని మీరే తెరుస్తారా, ఎవరి చేతనన్నా తెరిపిస్తారా?"

నా దృష్టిలో మంచి యాప్‌కి గుర్తు ఇదొక్కటే. నిన్నటిదాకా ఇంకొకరిని బతిమాలుకుని చేయించుకున్న పని ఇవాళ మన చేత్తో మనం చేసుకోగలగాలి. అలా చేయించని యాప్ ఎంత పేరున్నదైనా మనకు బరువే. ఎన్నాళ్లుగానో ఊళ్లో, వీధిలో పదిమంది పక్కన కూర్చుని ఫోను నేర్పుతున్నాను. నేర్పేకొద్దీ ఈ నమ్మకం గట్టిపడింది.

భూమితోనే మొదలుపెడతాను. కృష్ణా డెల్టాలో ఏ ఇంటికైనా మొదటి బెంగ అదే. ఒకప్పుడు పొలం లెక్కంతా కరణం గారి దస్తరంలో ఉండేది. అందులో తన పేరు ఎలా రాసుందో రైతుకు తెలియదు, ఆయన చెప్పిందే లెక్క. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. దస్తరం చేతులు మారిందే గానీ రైతు కళ్లబడింది లేదు. 1998లో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి. 2011లో మీసేవ కేంద్రాలొచ్చాయి. 2015లో 'మీభూమి' వెబ్‌సైటు వచ్చాకే అడంగలు, 1బి, గ్రామపటం ఇంట్లో కూర్చుని ఎవరైనా చూసుకునే రోజు వచ్చింది. ఇది చిన్న మార్పు అని నేననుకోను. తరాల తరబడి మూసి ఉన్న పుస్తకం రైతు చేతికొచ్చింది.

పుస్తకం చేతికొచ్చాక దాన్ని చదవడం కూడా రావాలి. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని, సర్వే నంబరో ఖాతా నంబరో కొడితే వివరాలు తెర మీదికొస్తాయి. 1బి భూమి ఎవరి పేరున ఉందో చెబుతుంది. అడంగలు ఆ భూమి ఎవరి సాగులో ఉంది, ఏం పండుతోంది అన్నది చెబుతుంది. ఈ రెంటికీ తేడా తెలియక చాలామంది ఒకటి చూసి సరిపెట్టుకుంటారు. భూముల రీసర్వే 2020 డిసెంబరులో మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే, జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైంది. అది పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరు కొట్టి "పొలం కనపడటం లేదు" అని హడలిపోవద్దు. కొత్త నంబరు కనుక్కుని చూడండి, విస్తీర్ణం మీ దస్తావేజుతో సరిపోతోందో లేదో సెంటుతో సహా పోల్చుకోండి. తేడా ఉంటే అర్జీ పెట్టుకోవాల్సింది పొలం అమ్మే రోజున కాదు, ఇప్పుడే.

స్థలం కొనేవాళ్లకు ఇంకో మాట. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసుకోవచ్చు. ఆ స్థలం ఎవరు ఎవరికి అమ్మారు, ఏ బ్యాంకులో తనఖా ఉంది అన్నవి అందులో తేలతాయి. కానూరు, పెనమలూరు, గన్నవరం చుట్టుపక్కల స్థలాల బేరాలు నడిచినన్నాళ్లూ ఈ చూపు అవసరం. బయానా ఇచ్చాక చూసే ఈసీ కంటే ఇవ్వకముందు చూసే ఈసీ మేలు. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఇప్పుడు అక్కడి రాత్రిళ్లు ఇక్కడి పొలం కాగితాలు చూసుకుంటున్నారు. వాళ్లు చూసుకోగలిగినప్పుడు ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నగారు ఎందుకు చూసుకోలేరు?

ఇక్కడే ఒక బాధ కూడా చెప్పాలి. డెల్టాలో పొలం ఒకరిది, చెమట ఇంకొకరిది. పట్టాదారు విజయవాడలోనో హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉంటే, మళ్లలో దిగేది కౌలు రైతు. ధాన్యం అమ్మాలన్నా, పంట నష్టానికి సాయం రావాలన్నా ఈ-క్రాప్ పంట నమోదులో సాగుదారుగా అతని పేరు ఎక్కాలి. 2019 నాటి చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలి. దాని గడువు పదకొండు నెలలే. సంతకం పెడితే పొలం పోతుందన్న భయంతో పెట్టనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కాగితం సాగుకే గానీ భూమి మీద హక్కు ఇవ్వదు. ఏ యాప్ కూడా ఈ సంతకం పెట్టలేదు, యజమానే పెట్టాలి. కౌలు రైతు చేయగలిగింది ఒకటుంది. పంట నమోదయ్యాక రైతు సేవా కేంద్రంలో పెట్టే జాబితాలో తన పేరు, పంట, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోవడం, వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తి చేసుకోవడం.

2024 ఖరీఫ్ కోతల నుంచి ధాన్యం అమ్మకంలోనూ ఫోను పనికొస్తోంది. పౌరసరఫరాల శాఖ ఇచ్చిన వాట్సాప్ నంబరుకు 'హాయ్' అని పెడితే, ఆధార్ నంబరు అడిగి, ఏ కేంద్రంలో, ఏ రోజు, ఏ వేళకు, ఏ రకం, ఎన్ని బస్తాలు అన్నది రైతునే ఎంచుకోనిస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో కళ్లంలో వడ్లు పోసుకుని కూర్చున్నవాడికి రోజు, వేళ ముందే తెలియడం ఎంత ధైర్యమో మా బాబాయి ముఖంలో చూశాను. "అబ్బాయ్, ఇదేదో నేనే నొక్కాను చూడు" అన్నాడు. ఆ 'నేనే' అన్న మాట కోసమే ఈ నేర్పడం అంతా.

'మన మిత్ర' గురించి అడిగితే, వాడమనే చెబుతాను. 2025 జనవరి 30న మొదలైన ఈ వాట్సాప్ సేవ నంబరు 95523 00009. మొదట 161 సేవలతో వచ్చింది, తర్వాత అవి పెరుగుతూ పోయాయి. కరెంటు బిల్లు, ఆస్తి పన్ను, ఆర్టీసీ టికెట్టు, ధ్రువపత్రాలు, దేవాలయ సేవలు, పరీక్షల హాల్‌టికెట్లు, అన్నీ ఒకేచోట. నాకు నచ్చింది ఈ జాబితా కంటే దాని తీరు. కొత్త యాప్ వేసుకోనక్కర్లేదు, పాస్‌వర్డు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మనవడి ఫొటోలు చూసుకునే ఆ వాట్సాప్‌లోనే తెలుగు ఎంచుకుని అడుగడుగునా నొక్కుకుంటూ పోవచ్చు. ప్రభుత్వం తన వాకిట్లోకి జనాన్ని పిలవడం మాని, జనం కూర్చున్నచోటికే వచ్చింది. సేవ ఏదైనా ఆ దారిలోనే నడవాలి.

ప్రయాణాలకు వస్తే, మచిలీపట్నం, గుడివాడ, భీమవరం వైపు రోజూ తిరిగేవాళ్లకు 'వేర్ ఈజ్ మై ట్రైన్' ఉంటే చాలు. బెంగళూరు కుర్రాళ్ల చిన్న సంస్థ తయారుచేసిన ఈ యాప్‌ను 2018లో గూగుల్ కొనుక్కుంది. రైల్లో ఉన్నప్పుడు ఇంటర్నెట్ లేకపోయినా దగ్గర్లోని సెల్ టవర్‌ను బట్టి రైలెక్కడుందో చూపిస్తుంది. తెలుగులో పెట్టుకోవచ్చు. పండిట్ నెహ్రూ బస్టాండులో విచారణ కిటికీ దగ్గర నిలబడే బదులు ఆర్టీసీ వాళ్ల లైవ్ ట్రాక్ యాప్‌లో బస్సు ఎంతదూరంలో ఉందో చూసుకోవచ్చు.

వానాకాలంలో మాత్రం ఫోను ప్రాణాల పని చేస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ మన చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపించి హెచ్చరిస్తుంది. నాట్ల ముఠాలో ఒక్కరి ఫోన్లో ఉన్నా మడిలో ఉన్న అందరూ గట్టెక్కొచ్చు. హెచ్చరిక రాగానే తాడిచెట్టు కిందికి కాదు, పక్కా కప్పు కిందికి పోవాలి. వాతావరణ శాఖ 'మౌసమ్', పొలం పనులకు 'మేఘదూత్' కూడా మంచివే. జలవనరుల శాఖ వెబ్‌సైట్లో శ్రీశైలం, సాగర్, పులిచింతల మట్టాలు, ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలే నీళ్లు కనపడతాయి. లంకల్లో ఉన్నవాళ్లు వరద రోజుల్లో వాటిని చూస్తూ ఉండాలి.

కానీ 2024 సెప్టెంబరు మనకు ఒక పాఠం చెప్పింది. బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద నమోదై, ఊరంతా కృష్ణ వైపు చూస్తుండగా, అజిత్‌సింగ్ నగర్‌ను, రాజరాజేశ్వరీపేటను ముంచింది బుడమేరు వాగు. దాని డైవర్షన్ కాలువకు పడిన గండ్ల గుండా వచ్చిన నీళ్లు ఇళ్లను రోజుల తరబడి వదల్లేదు. కరెంటు పోయింది. ఫోన్లు చార్జింగు అయిపోయి మూగబోయాయి. మేడ మీద నిలబడిన మనుషులకు డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించాల్సి వచ్చింది. తెర మీద అంకె ఎంత నిజమైనా, ఎక్కడ కొలిచారో అక్కడి సంగతే చెబుతుంది. అందుకే వానాకాలానికి ముందు పవర్ బ్యాంకు నింపి పెట్టుకోండి, ముఖ్యమైన నంబర్లు గోడ మీద రాసుకోండి. విపత్తుల సంస్థ నంబర్లు 112, 1070. పై వీధివాళ్లతో మాట కలుపుకుని ఉండండి. నీళ్లొచ్చే వైపు ఇల్లున్న మనిషి చేసే ఫోను కన్నా ముందొచ్చే హెచ్చరిక ఉండదు.

పింఛనుదారులకు 'జీవన్ ప్రమాణ్' తెలిసి తీరాలి. 2014 నవంబరులో మొదలైన ఈ సేవ 2021 నుంచి ముఖాన్ని ఫోన్ కెమెరాతో గుర్తించి లైఫ్ సర్టిఫికెట్ పంపిస్తోంది. నలభై ఏళ్లు పలక, సుద్దముక్క పట్టినవాళ్ల వేళ్లు, నారు పీకినవాళ్ల వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడక యంత్రం ముందు చిన్నబుచ్చుకోవడం నేను చూశాను. ముఖంతో ఆ అవమానం తప్పింది. ఏ పింఛనుకు ఇది చెల్లుతుందో మీ బ్యాంకులోనో ట్రెజరీలోనో ఒకసారి అడిగి మొదలుపెట్టండి.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. 2016లో వచ్చిన యూపీఐ కాళేశ్వరరావు మార్కెట్లో ఆకుకూరల గంప దాకా చేరింది. చిల్లర తగాదా తీరింది. బటన్ ఫోన్లవాళ్లకూ 2022 నుంచి యూపీఐ 123పే ఉంది. అయితే దొంగలూ అదే దారిలో వస్తున్నారు. మూడు సంగతులు ఇంటిల్లిపాదికీ నోటికి రావాలి. ఒకటి, డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. రెండు, పీఎం కిసాన్ అనీ ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కకూడదు, యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లోనే వెతకాలి, ప్రభుత్వ వెబ్‌సైటైతే చిరునామా చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూడాలి. మూడు, 'డిజిటల్ అరెస్టు' అనేది మన చట్టంలో లేదు, అలా బెదిరించే వీడియో కాల్ వెంటనే కట్ చేసేయాలి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి, ఆ నిమిషమే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఖాతాల్లో ఆగే వీలు అంత ఎక్కువ.

ఇక నేర్పే పద్ధతి. ముందు ఫోను భాష తెలుగులోకి మార్చండి. టైపు చేయలేనివాళ్లకు మైకు గుర్తు చూపించండి, తెలుగులో చెబితే తెలుగులోనే రాసిపెడుతుంది. ఒక్కసారికి ఒక్క పనే నేర్పండి. అది కూడా వాళ్లకు ఆ వారం అవసరమైన పని. అడుగులు వరుసగా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. పిన్ మాత్రం ఆ కాగితం మీద రాయకండి, మీరు కూడా అడగకండి. తప్పు నొక్కితే లాక్కోకండి, వెనక్కి వచ్చే బాణం గుర్తు ఎక్కడుందో చూపించండి. వెనక్కి రావడం తెలిసినవాళ్లకు ముందుకు పోవడానికి భయం ఉండదు. "మీకెందుకు పిన్నీ, ఇలా ఇవ్వండి, నేను చేస్తాను" అన్న మాట ప్రేమగానే వస్తుంది. ఆ ప్రేమే పెద్దవాళ్లను ఎప్పటికీ మన మీద ఆధారపడేలా చేస్తుంది.

కాబట్టి ఈ ఆదివారం మీ ఇంట్లో అమ్మ దగ్గరో, నాన్న దగ్గరో, పక్కింటి బామ్మ గారి దగ్గరో ఒక అరగంట కూర్చోండి. వాళ్ల కరెంటు బిల్లో, పొలం 1బినో వాళ్ల చేతనే తెరిపించండి. ఎంతసేపు పట్టినా ఫోను మాత్రం మీ చేతిలోకి తీసుకోకండి.