డ్రమ్ములో గాలి లెక్క

హ్యూస్టన్ శివార్లలో మా వీధి చివరి ఇంటి పెరట్లో ఒక నల్ల డ్రమ్ము ఉంది. దూరం నుంచి చూస్తే పాత నూనె డ్రమ్మే. మూత ఎత్తి లోపలికి తొంగిచూస్తే తెలుస్తుంది, దాని వెనక ఎంత ఆలోచన ఉందో. చేసింది రిఫైనరీలో పైపు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. మాంసాన్ని గంటల తరబడి పొగలో మగ్గబెట్టే ఇలాంటి పొయ్యిని అమెరికాలో ‘అగ్లీ డ్రమ్ స్మోకర్’ అంటారు. చేయడం తేలికేనని చాలామంది చేస్తుంటారు. ఇంత శుభ్రమైన పని మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

ముందు డ్రమ్ము సంగతి. ఇది 55 గ్యాలన్లది, అంటే సుమారు 208 లీటర్లు. ఈ ఇనప పీపాకి 1905లో పేటెంటు పొందినవాడు హెన్రీ వెర్హాన్. అతను పనిచేసిన ఐరన్ క్లాడ్ కంపెనీని బ్రూక్లిన్‌లో నడిపింది నెల్లీ బ్లై. 72 రోజుల్లో భూమి చుట్టివచ్చిన పత్రికా రచయిత్రి ఆవిడే. డ్రమ్ము ఒంటి మీద ఉబ్బెత్తుగా కనిపించే రెండు కట్లు దొర్లించడానికి వీలుగా పెట్టినవి. పల్చటి రేకుకి బిగువునిచ్చేవీ అవే. పొయ్యి వేడెక్కి చల్లారినప్పుడల్లా రేకు సాగి ముడుచుకుంటున్నా డ్రమ్ము గుండ్రం చెడకుండా ఉంటుంది. వెడల్పు 23 అంగుళాలకు కాస్త అటూ ఇటూ. బజార్లో దొరికే 22 అంగుళాల గుండ్రటి గ్రిల్లు జాలీ అందులో చక్కగా దిగుతుంది. ఎత్తు మూడడుగులకి కొంచెం తక్కువ. నిప్పుకీ మాంసానికీ మధ్య రెండడుగుల ఎడం హాయిగా దొరుకుతుంది. ఆ ఎడమే లేకపోతే మాంసం కాలుతుంది తప్ప మగ్గదు.

డ్రమ్ము ఎంచుకోవడంలోనే ఆయన ఓపిక కనిపిస్తుంది. తినే సరుకు పోసినదే కావాలి, లోపల పూత ఉండకూడదు. చాలా డ్రమ్ములకి లోపల ఎపాక్సీ పూత వేస్తారు. అది ఉంటే పెద్ద మంట పెట్టి మాడ్చి, తర్వాత గీకి గీకి రేకు బయటపడేదాకా తీసేయాలి. జింకు పూసినవి అసలు ముట్టుకోకూడదు, వేడికి విషపు ఆవిర్లు వస్తాయి. పూతలేని డ్రమ్ము దొరికేదాకా ఆగడమే మేలని ఆయన ఆగాడు.

ఇక తూట్లు. పనంతా ఇక్కడే ఉంది. డ్రమ్ము అడుగు నుంచి రెండంగుళాల ఎత్తున, సమానమైన ఎడంలో, చుట్టూ నాలుగు తూట్లు. ముందు సన్నటి డ్రిల్లుతో గుర్తు పెట్టి, తర్వాత మెట్లుమెట్లుగా లావయ్యే బిట్టుతో వెడల్పు చేశాడు. ఒక్కో తూటు అంచునీ లోపలా బయటా ఆకురాయితో రుద్దాడు. నేను వేలు పెట్టి తిప్పి చూశాను, ఎక్కడా గీసుకోలేదు. వాటిల్లో ముప్పావు అంగుళం పైపు ముక్కలు బిగించి, రేకుకి లోపలొకటి బయటొకటి నట్టు వేశాడు. వెల్డింగు లేదు. ఆయనకి వెల్డింగు రాక కాదు. పల్చటి రేకుని వెల్డింగు వేడి వంకర తిప్పుతుంది, నట్టయితే రేపు ఊడదీసి మార్చుకోవచ్చు. మూడు పైపులకి మరల మూతలు బిగించాడు. నాలుగోదానికి మోచేతి వంపు వేసి, పైపుని నడుమెత్తు దాకా నిలువుగా తీసుకొచ్చి, చివర బాల్ వాల్వ్ పెట్టాడు. ఇక వంగాల్సిన పని లేదు. నిలబడి మాట్లాడుతూనే పిడిని గోరంత తిప్పి గాలిని తగ్గిస్తాడు. నలభై ఏళ్ళ పైపు పని ఆ ఒక్క వంపులో కనబడుతుంది.

కుంపటి ముందు కూర్చుని విసనకర్రతో విసిరిన ప్రతివాళ్ళకీ తెలుసు, బొగ్గు ఎంత మండాలో చెప్పేది గాలేనని. ఈ డ్రమ్ములో చేసిన పనంతా ఆ గాలిని కొలిచి పంపడానికే. మిగతా పొయ్యంతా కంపెనీవాళ్ళు చేసిపెట్టినదే.

బొగ్గుల బుట్ట గట్టి ఇనప జాలీది. కింద మూడంగుళాల కాళ్ళుగా పొడుగాటి బోల్టులు బిగించి ఉన్నాయి. బూడిద కిందికి రాలి పళ్ళెంలో పడుతుంది, తూట్లని మూసేయదు. పైన మూతకి కొత్తగా తూటే వేయలేదు. డ్రమ్ముతోనే వచ్చిన రెండంగుళాల బిరడా తూటునే పొగ పోయే దారి చేశాడు. కింద నాలుగు దారులూ తెరిచినా, పైకి పోయే ఆ ఒక్క దారి విస్తీర్ణమే ఎక్కువ. అందుకే పొగ లోపల నిలిచి మురగదు. నిలిచిన పొగ మాంసానికి చేదు పట్టిస్తుంది. పైదారిని ఎప్పుడూ మూయకుండా కింద దారులతోనే నడపాలన్నది ఆయన పట్టుదల. అది నూటికి నూరుపాళ్ళు సరైనదని నా అభిప్రాయం.

చాలామంది ఇంతటితో పనైపోయిందనుకుని మాంసం పెట్టేస్తారు. ఈయన పరీక్షలకి దిగాడు. మొదట థర్మామీటరు ములుకుని మరిగే నీళ్ళలో ముంచి, ముల్లు 212 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆగుతోందా అని చూశాడు. తర్వాత డ్రమ్ము లోపలంతా వంటనూనె పూసి, ఖాళీగా కొన్ని గంటలు కాల్చాడు. గోడలకి నల్లటి నిగారింపు పట్టింది, ఇక తుప్పు దగ్గరికి రాదు. ఆపైన బుట్ట నిండా రాజెయ్యని బొగ్గులు పోసి, మధ్యలో గుప్పెడు కణకణలాడే నిప్పులు పెట్టాడు. జిమ్ మినియన్ అనే ఆయన పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. నిప్పు పక్క బొగ్గుకి మెల్లగా పాకుతూ గంటల కొద్దీ మండుతుంది. 250 డిగ్రీలు కావాలంటే అంతకు చాలా ముందే గాలి తగ్గించాలి. దాటి పోయిన వేడిని దించడం మహా కష్టం. ఎక్కడ మూతలు బిగించాలో, వాల్వ్‌ని ఎంత తెరిచి ఉంచాలో తేలేదాకా ఆయన దాని పక్కనుంచి లేవలేదు.

ఆ ఖాళీ కాల్పులోనే మూత అంచు నుంచి ఒకచోట సన్నగా పొగ కారడం కనిపెట్టాడు. పొగ పోయే సందులో గాలీ ఆడుతుంది, లెక్క తప్పుతుంది. ఆ అంచుని చెక్క సుత్తితో కొద్దికొద్దిగా కొట్టి సరిచేశాడు. ఇంకోసారి జాలీ నిండా బిస్కెట్ పిండి బిళ్ళలు పరిచి కాల్చాడు. నడుమవీ అంచువీ ఒకే రంగు తేలాయి. చివరగా అన్ని దారులూ మూసేశాడు. గాలి అందక నిప్పు ఆరిపోయింది, మిగిలిన బొగ్గు మళ్ళీ వాడుకోవడానికి పనికొచ్చింది. మూతలూ వాల్వూ నిజంగా పట్టు పడుతున్నాయని అదే రుజువు.

అప్పుడు గాని పంది జబ్బ ముక్క జాలీ ఎక్కలేదు. కాసేపు తెల్లగా వచ్చిన పొగ పల్చబడి, నీలిరంగు తిరిగాకే పెట్టాడు. మాంసం లోపలి వేడి 160 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలకుండా ఆగిపోతుంది, పైతడి ఆవిరవుతూ చల్లబరుస్తుంది కాబట్టి. కొత్తవాళ్ళు అక్కడే కంగారుపడి గాలి పెంచుతారు. ఆయన వాల్వ్‌ని ముట్టుకోలేదు. 200 దాటాక ఎముక చేత్తో లాగితే ఊడివచ్చింది. కోసిన ముక్క అంచున గులాబీ రంగు కట్టు. రుచిలో ఒక ప్రత్యేకత ఉంది: కొవ్వు తిన్నగా నిప్పుల మీద పడి, ఆ ఆవిరి మళ్ళీ మాంసానికే పడుతుంది. నిప్పుని పక్క పెట్టెలో ఉంచే ఖరీదైన పొయ్యిల్లో ఈ రుచి రాదు.

ఆయన వేసిన కట్టె మెస్కీట్. అది మన పొలంగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతివి. సర్కారు తుమ్మ బొగ్గు మన ఊళ్ళలో దొరుకుతూనే ఉంటుంది కాబట్టి ఇలాంటిది మన దగ్గరా చేసుకోవచ్చు. చేయదలచినవారికి నా మనవి: పెట్రోలో, రసాయనాలో పోసిన డ్రమ్ముని కొయ్యకండి. లోపల మిగిలిన ఆవిరి ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. పొయ్యిని ఆరుబయటే పెట్టండి, బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మాంసం కొనే ముందు ఒక రోజు ఖాళీ డ్రమ్మునే కాల్చి, దాని వాల్వ్ మాట వినేదాకా పక్కనే కూర్చోండి.