ఆముక్తమాల్యదలోని తటాకనీతి

శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వఱకు విజయనగర సామ్రాజ్యము నేలెను. ఆయన రచించిన ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుఁడు కుమారునకుఁ జేసిన రాజనీతిబోధ సుప్రసిద్ధము. రాజ్యము చిన్నదైనను చెఱువులు, కాలువలు త్రవ్వించి, బీదకాఁపునకు పన్ను తగ్గించినచో నర్థధర్మములు రెండును వృద్ధి నొందునని యందొక పద్యము తెలుపుచున్నది. ఈ ప్రకరణ మంతయుఁ గామందకాదుల ననుసరించిన శాస్త్రపాఠమే కాని రాజ్యానుభవము కాదను నాక్షేపము కలదు. అది విచారణీయము.

ఆక్షేపమునకుఁ గొంత బలము లేకపోలేదు. మాట యామునాచార్యునిది, పాత్ర పలుకును కవి చరిత్రగాఁ గొనరాదు. తటాకనిర్మాణము రాజధర్మమనుటయు నూతనము కాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుఁడగు భాస్కరుఁ డా చెఱువును గట్టించెను. దినమునకు వేయిమంది కూలీలతో, నూఱు బండ్లతో రెండేండ్లు పని సాగెనని యందలి సంస్కృతశ్లోకములు చెప్పుచున్నవి. మంచి చెఱువునకుఁ బండ్రెండంగములును, ఆఱు దోషములును నందే పరిగణితములు. ధర్మపరుఁడును ధనవంతుఁడును నగు రాజు ప్రథమాంగము. చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేర, నీరు తక్కువయై నేల యెక్కువగుట మొదలగునవి దోషములు. రైతు పన్ను మాట యా గణనమున లేదు.

రాయల పద్యమునకు విశేష మిచ్చటనే కలదు. ఆ వాక్యము చెఱువు త్రవ్వించుటతో ముగియక, కాఁపు పన్ను తగ్గించుట దాఁక సాగినది. నీరు నిలిపినంతనే పంట రాదు. క్రొత్తగాఁ దడిసిన నేలను మడికట్టు రైతునకుఁ గొన్నేండ్లు వెసులుబాటు వలయును.

ఇది శుష్కశాస్త్రము కాదనుటకుఁ బోర్చుగీసు వర్తకుఁడగు న్యూనిజ్ 1535 ప్రాంతమున వ్రాసిన వృత్తాంతము సాక్ష్య మిచ్చుచున్నది. రాయలు విజయనగర సమీపమునఁ గట్టించిన పెద్ద చెఱువు క్రింది భూములను, సాగు కుదురువఱకు తొమ్మిదేండ్లు పన్ను లేక ప్రజల కిచ్చెననియు, పిదప రాఁబడి యిరువదివేల పర్దావుల, అనఁగా వరాహల, కెక్కెననియు నతఁడు చెప్పెను. పన్ను విడుచుట ధర్మము. రాఁబడి పెరుగుట యర్థము. పద్యము కోరిన రెండును నిచటఁ గలసియున్నవి.

ఒక్క చెఱువును బట్టి యేలుబడి యంతయు నట్లే నడచెననరాదు. కాని యీ నీతి యనుభవమూలకమని చెప్పుటకు నింతమాత్రము చాలును. బేతంచెర్ల వంటి యూరిపేళ్లయందలి ‘చెర్ల’ చెఱువునే తలపించు నీ మెట్టసీమలో, బడిపిల్లల కా పద్యమును న్యూనిజ్ మాటతోడను, పోరుమామిళ్ల శాసనముతోడను జేర్చి చెప్పుట యుచితము.