పాస్‌వర్డూ వేలిముద్రా

ఇరవై రెండేళ్ల సర్వీసున్న కంప్రెషన్ ఆపరేటరు. టాబ్లెట్ మిషను చప్పుడు కాస్త మారితే చాలు, పంచ్ ఎక్కడో పట్టేస్తోందని తలుపవతల నుంచే చెప్పేస్తాడు. అలాంటి మనిషి కిందటేడు నా పక్కన కూర్చుని కీబోర్డు మీద ‘ఎట్’ గుర్తు కోసం రెండు నిమిషాలు వెతికాడు. షిఫ్ట్ కీ నొక్కిపట్టి ‘2’ కొట్టాలని నేను చెప్పలేదు. ఆ మాత్రం అందరికీ తెలుసనుకున్నాను. మూడుసార్లు తప్పు పడేసరికి లాగిన్ లాకయిపోయింది. “నా మిషనెప్పుడు ఇట్ల మొండికెయ్యలే సార్” అన్నాడు, నవ్వుతూనే.

జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల మందుల ఫ్యాక్టరీలు. గేటు దగ్గర ఫోను అప్పజెప్పి లోపలికెళ్లి శిక్షణ ఇచ్చి రావడం నా బతుకుతెరువు. ఇప్పుడు ఎక్కడ చూసినా కాగితం బీఎంఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు) పోయి తెర మీది బ్యాచ్ రికార్డు వస్తోంది.

కాగితానికి చాలా కట్టుబాట్లుండేవి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఉన్న అంకె కనబడుతూనే ఉండాలి, పక్కన సంతకం, తేదీ. వైట్‌నర్ ఫ్లోర్ మీద కనబడకూడదు. ముందు రఫ్ కాగితం మీద రాసుకుని తర్వాత రికార్డులోకి ఎక్కించడం కూడా తప్పే. ఎలక్ట్రానిక్ రికార్డులకూ సంతకాలకూ అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 తెచ్చింది 1997లో. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను ఏ అంకెగా మార్చారో ఆడిట్ ట్రయల్ దానంతటదే రాసి పెట్టుకుంటుంది. ఆ ఒక్క గీతను ఇప్పుడు కంప్యూటరే గీస్తోంది, అంతే. మన దేశపు మందుల తయారీ నియమాలైన షెడ్యూల్ ఎం‌ను 2023 చివర్లో సవరించినప్పుడు కంప్యూటర్ వ్యవస్థల సంగతి అందులోనూ చేరింది.

ఈ వరసలో చెప్పి ఉంటే మొదటి రోజే అర్థమయ్యేది. ఆ ఆపరేటరు ఉన్న ప్లాంటులో నేనేమో అరవై నాలుగు ఇంగ్లిషు స్లైడ్లు వేశాను. చివర ఇరవై ప్రశ్నలు. అందరూ పాసు. (జవాబుల వరస పరీక్షకు ముందే చేతులు మారిందని తర్వాత తెలిసింది.) వారం తిరక్కుండానే ఆ ప్లాంటుకు పిలుపు. సీ షిఫ్టు మొత్తం సూపర్‌వైజరు పాస్‌వర్డుతోనే నడుస్తోంది! రికార్డు ప్రకారం ఆయనొక్కడే అయిదు గదుల్లో ఒకేసారి పని చేశాడు.

మోసం చేద్దామని కాదు, భయం. తెర మీద తప్పు కొడితే ఉద్యోగం పోతుందేమోనని. పైగా శిక్షణ గంటన్నర, అదీ నైట్ షిఫ్టు దిగి వచ్చాక. అలా నేర్పే యాజమాన్యానికి లాగిన్లు పంచుకున్నారని మెమో ఇచ్చే హక్కు లేదంటాను.

రెండోసారి స్లైడ్లు పక్కన పెట్టి, పాస్‌వర్డంటే ఏంటో మీరే చెప్పండన్నాను. అదే ఆపరేటరు లేచాడు. “మా బాపు పట్టా బుక్కు నాకే ఇయ్యడు. ఏలిముద్ర ఊకె ఎవనికన్న ఏస్తమా సార్?” తర్వాత ఆ సంగతి మీద నేను మాట్లాడాల్సిన పని పడలేదు. ఆ రోజంతా గ్లౌజులు తొడుక్కునే తెర మీద సాధన చేశాం. రెండు జతలు వేసుకుంటే ఆ తెరకు వేలి స్పర్శ సరిగా అందదు. ఆఫీసులో ఏసీ కింద కూర్చుని నేర్పేవాడికి ఈ సంగతి తట్టదు.

మొన్న ఆ ప్లాంటులో ఆడిట్ ట్రయల్ చూస్తున్నాను. టాబ్లెట్ బరువు 265 కొట్టి 255గా దిద్దిన ఎంట్రీ ఒకటుంది. అలా దిద్దితే తెర కారణం అడుగుతుంది. చాలామంది అక్కడ ‘మిస్టేక్’ అనో, ఒక చుక్కో పెట్టి తప్పించుకుంటారు. ఈ ఎంట్రీ దిద్దినతను తెలుగు మాటల్నే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాడు: “గ్లౌజు ఏలికి పక్క అంకె పడ్డది, కాంటా చూసి మళ్ల కొట్టిన.”

ఇలాంటివి ఇంగ్లిషులోనే రాయించమని క్యూఏ (నాణ్యతా విభాగం) నుంచి నాకు మెయిలొచ్చింది. ఇంకా జవాబివ్వలేదు.