ఎదురు పేజీ ఎవరిది?

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తెలుగు మీడియంలో చదివి టీచర్లు కాబోతున్నవాళ్లకు, నోరు తిరగకపోతే పిల్లలు నవ్వుతారేమోనన్న భయం. దీన్ని వ్యక్తిగత లోపం అనడం ఆధిపత్య కులాల వాదన. కులం ఇచ్చిన అవకాశాన్ని ప్రతిభగా చూపడమే అది. అసలు ఆ ఎదురు పేజీ తెలుగైనా మన వాడల పిల్లలదేనా? 'అంగి' ఇంటి మాట, 'చొక్కా' పుస్తకం మాట, 'షర్ట్' మూడోది. మూడింటినీ కలపగలిగేది వాడ నుంచి వచ్చిన టీచరే. శూద్రులు, అతిశూద్రులు ఇంగ్లీషు నేర్వాలని సావిత్రిబాయి ఫూలే 1854లోనే రాశారు. మేమూ ఇంగ్లీషు కావాలనే అంటున్నాం. కానీ మాట్లాడి నేర్చుకునే శిక్షణ ఇవ్వకుండా మీడియం ఒక్కటే మారిస్తే, తప్పంతా ఈ టీచర్ల నెత్తినే పడుతది.