ఒక ప్రమేయము - పెక్కు ఫలితములు

ఒక తరగతి సగటు మార్కులు 60. వేరొక తరగతి సగటు కూడ 60. రెండు తరగతులు సమానమేనా? మొదటి తరగతిలో అయిదుగురికి 42, 55, 61, 48, 94 మార్కులు వచ్చినవి. రెండవ తరగతిలో 58, 59, 60, 61, 62 వచ్చినవి. మొదటిదాని క్రమవిచలనము 20.31, రెండవదానిది 1.58 మాత్రమే. సగటును, విచలనమును జంటగా చూచిననేగాని అసలు సంగతి తెలియదు. కావున లెక్క చేసిపెట్టు ప్రమేయము ఒక్క ఫలితమిచ్చి ఊరకున్నచో చాలదు.

సాంఖ్యక శాస్త్రజ్ఞులు నేడు విరివిగా వాడు ‘ఆర్’ భాష ఈ అవసరమును ఎట్లు తీర్చుచున్నదో పరిశీలింతము. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనువారు దీనిని రూపొందించిరి. 1996లో వారు దీనిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 రూపము వెలువడినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1976లో ఆరంభమైన ‘ఎస్’ భాష దీనికి మూలము.

ఈ భాషలో ప్రమేయము తిరిగి ఇచ్చునది ఎప్పుడును ఒక్క వస్తువే. ‘రిటర్న్’ ఆజ్ఞలో రెండు విలువలు వ్రాసినచో, అది తప్పని చెప్పి యంత్రము నిలిచిపోవును. పెక్కు ఫలితములు కావలెనన్నచో వాటిని ఒక మూటగా కట్టి ఇవ్వవలెను. ఈ మూట ముఖ్యముగా రెండు విధములు.

మొదటిది సదిశ. ఇందులోని మూలకములన్నియు ఒకే జాతివి. కనిష్ఠ గరిష్ఠములను ఇచ్చు ‘రేంజ్’ ప్రమేయము ఈ పద్ధతినే వాడును. కాని అంకెల ప్రక్కన తరగతి పేరును చేర్చినచో అంకెలు కూడ అక్షరములుగా మారిపోవును. యంత్రము అప్పుడేమియు అనదు. తరువాత వాటిని కూడబోయినప్పుడుగాని తప్పు బయటపడదు.

రెండవది జాబితా, అనగా ‘లిస్ట్’. ఇందు అంకె అంకెగానే, పేరు పేరుగానే ఉండును. ప్రతి భాగమునకును ఒక పేరు పెట్టవచ్చును. దత్తాంశములకు సరళరేఖను అమర్చు ‘ఎల్ఎమ్’ ప్రమేయము గుణకములను, అవశేషములను, అంచనా విలువలను ఇట్లే ఒక్క మూటలో అందించును. మాట్‌లాబ్ భాషలో ఫలితములను వరుసక్రమమున అందుకొనవలెను. వరుస తప్పినచో సగటు స్థానమున విచలనము వచ్చి కూర్చుండును. పేరుతో పిలుచు ఆర్ పద్ధతి ఇంతకంటె మేలైనది.

అయినను ఇందొక పెద్ద లోపము కలదు. డాలరు గుర్తు వాడి భాగమును పిలుచునప్పుడు పూర్తి పేరు వ్రాయకున్నను యంత్రము ఊహించుకొనును. నా విద్యార్థి యొకడు ‘మార్క్స్’ అను భాగమును ‘ఎమ్, ఏ’ అను రెండక్షరములతోనే పిలిచి మొత్తము వేసెను. 300 సరిగానే వచ్చినది. మరునాడు అదే జాబితాకు ‘మాక్సిమమ్’ అను భాగమును చేర్చెను. ఇంగ్లీషు వ్రాతలో రెండు పేర్లును ఆ అక్షరములతోనే ఆరంభమగును గదా! ఏది కావలెనో తేల్చుకొనలేక యంత్రము ‘శూన్యము’ను ఇచ్చినది, శూన్యము మొత్తము సున్న. హెచ్చరిక లేదు, తప్పను మాట లేదు. 300 ఉండవలసిన చోట 0 నిలిచినది. పేరు తప్పుగా వ్రాసినను గతి ఇదియే. పరీక్షల మార్కులైన చూచి పట్టుకొందుము. ఔషధ పరీక్షల లెక్కయైనచో ఏమగును?

జంట చదరపు కుండలీకరణములలో పేరు వ్రాసినచో ఊహించుట మానును. కాని లేని పేరునకు అప్పుడును శూన్యమే లభించును. కావున భాగము ఉన్నదో లేదో ముందుగా పరీక్షించు వాక్యము నొకదానిని ప్రమేయమును పిలిచిన వెంటనే వ్రాయుట క్షేమము.

పెక్కు ఫలితములను ఒక్క మూటగా ఇచ్చుట ఆర్ భాషకు లోపము కాదు. అది దాని బలము. మూట విప్పువాడు పొరపడినప్పుడు మౌనముగా ఉండుటయే లోపము. ఉపాధ్యాయులు విద్యార్థులకు జాబితా కట్టుటతోబాటు దానిని జాగ్రత్తగా విప్పుటయు నేర్పవలెను.